అంకమ్మత్త విన్న క్లారినెట్టు

మా అంకమ్మత్తకి చదువు రాదు, ఒక్క స్వరం పేరూ తెలీదు. అయినా దర్శి చుట్టుపక్కల బ్యాండు మేళాల గురించి ఆమె ముందు ఎవరైనా నోరు జారారో, అయిపోయినట్టే. మిరపకల్లంలో రంగుపోయిన తాలుకాయలు ఏరుతూనే మనిషిని ఉతికి ఆరేస్తుంది. ఆ తిట్లు నేనూ తిన్నాను. ఒకసారి సెల్లులో ఏదో బ్యాండు పాట పెట్టి "బాగుంది కదత్తా" అన్నందుకు, "డబ్బాలో పోసిన పాట నువ్వే తాగరా" అంది.

ఆమెకి బ్యాండంటే ఒక్కటే, మా పాలెంలోని షాలేము బ్యాండు. అది పుట్టి నలభై రెండేళ్ళు. డ్రమ్ముల వాళ్ళు మారారు, బూరల వాళ్ళు హైదరాబాదులో వాచ్‌మన్ పనులకి పోయారు, క్లారినెట్టు ఇమ్మానుయేలు మాత్రం మొదటిరోజు నుంచీ ఉన్నాడు. పెళ్ళిళ్ళు లేని నెలల్లో చీమకుర్తిలో రాళ్ళు కోసే పనికి పోయేవాడు. ఆ దుమ్మే ఆయన్ని తినేసిందని ఇప్పుడందరం అంటున్నాం. అప్పుడెవరం అనలేదు, కూలి బాగుందన్నాం.

కల్లంలో మా పంచాయితీలన్నీ ఏ వాయింపు గొప్పదన్న దాని మీదే. ట్రాలీ ఆటోలో మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, తోలే మాబుకి దాచేపల్లి క్రిస్మస్ వాయింపే గొప్ప. కరెంటు పోయి మైకు మూగబోతే ఇమ్మానుయేలు లారీ దిగి జనంలో నడుస్తూ వాయించాడట. అత్తకి దర్శిలో వానకి తడుస్తూ విన్న పెళ్ళి వాయింపు. నాకు ఏదీ కాదు, ఇద్దర్నీ ఎగదోసి వినోదం చూడటమే. ఒక్క విషయంలో మాత్రం ముగ్గురికీ పేచీ లేదు. పెళ్ళికూతురు గుమ్మం దాటేటప్పుడు ఇమ్మానుయేలు ఒక పొడుగాటి పల్లవి ఎత్తుకుంటాడు. మొదట్నుంచి చివరిదాకా ఒకే ఊపిరి. ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ చేతకాని పని అది.

వాయింపు అయ్యాక ఆయన జనంలో అత్తని వెతుక్కుని "ఎట్టా ఉంది?" అని అడిగేవాడు. మిగతా వాళ్ళ మెప్పు ఆయనకి లెక్కే లేదు. అత్త మొహమాటం లేకుండా చెప్పేది. "రెండో చరణంలో తొందరపడ్డావన్నా" అంటే తలూపి, తర్వాతి పెళ్ళికి సరిచేసుకునేవాడు. వాళ్ళిద్దరి స్నేహమంతా అంతే.

మొన్న ఫిబ్రవరిలో మాబు టిక్కీలు ఎత్తుతూ అన్నాడు. "అత్తా, ఇమ్మానుయేలు పల్లవి మధ్యలో ఊపిరి తీసుకుంటున్నాడు. అద్దంకి పెళ్ళిలో విన్నా."

"నీ ఆటో మోతకి నీ చెవులు పొయ్యాయిరా."

"జెస్సీ పెళ్ళిలో నువ్వే విను. ఒక్క ఊపిరిలో వస్తే ఇంక నేను నోరెత్తను."

జెస్సీ మా వీధి పిల్ల. పెళ్ళిరోజు పొద్దున పదింటికి గుమ్మం దాటింది. ఇమ్మానుయేలు పల్లవి ఎత్తుకున్నాడు. నా మట్టుకు నాకు బాగానే ఉంది. అత్త మొహం మాత్రం పాలిపోయింది. అంతలోనే చెయ్యెత్తి "వన్స్ మోర్!" అని అరిచింది. మా వైపు వన్స్ మోర్ అంటే వాయించేవాడు కాదనడు, కాదంటే పరువు తక్కువ. పైగా అడిగింది అంకమ్మ. ఆయన ఒక్క క్షణం ఆమెనే చూసి క్లారినెట్టు పైకెత్తాడు.

సగందాకా వచ్చాడు. మెడ నరాలు పొంగాయి. అక్కడ శబ్దం తెగిపోయింది. డ్రమ్ముల వాళ్ళకి అర్థమై గట్టిగా బాదారు. మేమంతా ఈలలేశాం, చప్పట్లు కొట్టాం. ఆ గోలలో ఆయన అరుగు మీద కూలబడి దగ్గుతున్నది చాలామంది చూడలేదు. నేను చూశాను. చూసి కూడా చప్పట్లు కొడుతూనే ఉన్నాను, సిగ్గుచేటు.

మర్నాడు కల్లంలో అత్తే ముందు మొదలెట్టింది. "విన్నావుగా మాబూ? తెగకుండా వచ్చింది."

మాబు ఆమె మొహంలోకి చూసి, "వచ్చిందత్తా" అన్నాడు. మళ్ళీ టిక్కీలు ఎత్తడంలో పడ్డాడు.

ఇమ్మానుయేలు మళ్ళీ బ్యాండుకి పోలేదు. ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్మేనని, ఇక చేసేదేం లేదని ఒంగోలు డాక్టరు చెప్పాడు. బ్యాండుకి పిలుపులు మాత్రం ఆగలేదు. క్లారినెట్టు వంతు వచ్చినప్పుడు ఆయన పాత రికార్డు పెట్టి లాగిస్తున్నారు. జనానికి తేడా తెలియడం లేదు. అత్త పెళ్ళిళ్ళకి పోవడమే మానేసింది.

నెల రోజులు ఆమె ఆయన గడప తొక్కలేదు. ఒక మధ్యాహ్నం కల్లం నుంచి వస్తూ నన్ను తోడు రమ్మంది. దారిలో చెప్పింది. "మొదటిసారే తెగిందిరా. నాకు వినపడింది. మాబు దగ్గర ఓడిపోలేక రెండోసారి అడిగా. మనిషిలో ఊపిరి లేదని తెలిసే అడిగా." క్షమించమని అడగడానికే పోతున్నామనుకున్నాను.

ఆయన మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చున్నాడు, ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. పడుకుంటే ఊపిరాడదట. అత్త పక్కనే నేల మీద కూర్చుంది. ఆయన కాసేపు ఊపిరి కూడదీసుకుని, "ఆ రోజు చెప్పకుండానే పోయావు. ఎట్టా ఉంది?" అన్నాడు.

అత్త నా వంక చూసింది. ఎముకలు తేలిన ఆయన ఛాతీ వంక చూసింది. నిజం చెప్పాలనే నోరు తెరిచింది.

"బాగుందన్నా. ఎక్కడా తెగలేదు."

ఇమ్మానుయేలు ఆమె వైపు చూశాడు. కోపం లేదు. కళ్ళలో ఉన్న కాస్త ఆశ కూడా పోయింది.

"అందరూ అదే అన్నారు అంకమ్మా," అన్నాడు. "నువ్వన్నా నిజం చెబుతావని ఇన్నాళ్ళూ ఎదురుచూశా."