చివరి అంకె దాకా ఒకటే

దయ్యాలూ గియ్యాలూ అంటే నాకు మొదటినుంచీ ఒళ్ళు మంట. జగ్గయ్యపేటలో మా వీధి చివరి ఇంటి గురించి ఎవరేం చెప్పినా నవ్వేసేదాన్ని. ఇప్పుడు నేనే ఇలాంటిది రాస్తున్నాను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి.

నా పీహెచ్‌డీ భూమి లోపలి మాంటిల్ మీద. అక్కడ వేడెక్కిన రాయి కోట్ల ఏళ్ళుగా మెల్లగా పారుతూ ఉంటుంది. ఆ పారుదలను లెక్కగట్టే ప్రోగ్రాం నాది. ఒక్క కంప్యూటర్ మీద నడిపినా, వందల ప్రాసెసర్లకు పంచినా జవాబు దాదాపు ఒకటే రావాలి. చివరి అంకెల్లో మాత్రం తేడా రాక తప్పదు. పత్తి తూకాలు కూడుతూ అడుగడుగునా చిల్లర గ్రాములు వదిలేస్తే, ఏ బస్తాతో మొదలుపెట్టామన్నదాన్నిబట్టి మొత్తం రవ్వంత మారుతుంది. ఇదీ అంతే.

నిరుడు ఎండాకాలం ఇంటి నుంచే పని చేశాను. ఓ మధ్యాహ్నం, సున్నపురాయి క్వారీలో బ్లాస్టింగ్‌కి కిటికీ రెక్కలు అదిరిన కాసేపటికి రెండు జవాబులూ వచ్చాయి. ఒకటి నా లాప్‌టాప్‌ది, ఇంకోటి యూనివర్సిటీలోని పెద్ద మెషీన్‌ది. పోల్చి చూశాను. లక్షల అంకెల్లో ఒక్కటి కూడా తేడా లేదు.

ముందు నన్నే అనుమానించుకున్నాను. ఒకే ఫైలు రెండుసార్లు తెరిచానేమోనని చూశాను. కాదు. రెండు మెషీన్లూ ఫైళ్ళ మీద వాటంతటవి వేసుకున్న పేర్లు వేరు, టైములు వేరు. పట్టపగలే భయమేసింది, అబద్ధమెందుకు.

మా గైడ్ నమ్మలేదు. ఆయన ఎదుట మళ్ళీ నడిపితే చివరి అంకెల్లో బుద్ధిగా తేడా వచ్చింది. ఎన్నిసార్లు నడిపినా అంతే. మొదటిసారి వచ్చింది కాపీ అని ఆయన తేల్చేశారు. కాపీ చేశానని ఒక్క ముక్క రాసిస్తే థీసిస్ మీద సంతకం పెడతానన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అమ్మ నందిగామలో లెక్కల టీచర్. రెండు పేపర్లలో ఒకే తప్పు కనిపిస్తే పిల్లల్ని నిలబెట్టి అడుగుతుంది. నన్నూ అదే గొంతుతో అడిగింది.

"నిజం చెప్పు. కాపీ కొట్టావా?"

"కొట్టలేదమ్మా."

చాలాసేపు నా మొహం చూసింది. ఆ చూపు నన్ను గైడ్ మాటకన్నా ఎక్కువ బాధపెట్టింది.

"మరి కొట్టానని ఎందుకు రాసిస్తావు? రాయమాకు," అంది.

రాయలేదు. థీసిస్ ఇంకా ఆయన టేబుల్ మీదే ఉంది. నాతో చేరినవాళ్ళు ఉద్యోగాల్లో స్థిరపడ్డారు. ఇప్పటికీ ప్రోగ్రాం నడిపిన ప్రతిసారీ నా కళ్ళు ముందుగా చివరి అంకెల మీదికే పోతాయి. అవి మళ్ళీ ఎప్పుడూ కలవలేదు.

ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో నాకు తెలియదు. జరగలేదని మాత్రం నా చేత ఎవరూ రాయించలేరు.