కోట గోడ మీది మసి

ఈ రోజు గూడూరు నుంచి వెళ్ళి, పడవెక్కి, ఒక దీవి మీదున్న పాత కోట చూసి వచ్చాను. ఇప్పుడది మ్యూజియం. ఒక గదిలో గోడంతా నల్లగా మసిపట్టి ఉంది. పక్కనే బోర్డు: 'డచ్చి సైనికుల తుపాకిమందు మసి. తాకరాదు.' నేను భక్తిగా ఫోటోలు తీసుకున్నాను.

ఆ గదికి కాపలా ఉన్నామె దగ్గరికొచ్చి మెల్లగా చెప్పింది. "అది డచ్చోళ్ళది కాదక్కా. మా అవ్వ పొయ్యి పెట్టుకున్న చోటు. మ్యూజియం చేయకముందు మేము ఈడనే కాపరం ఉండినాము. నేను పుట్టింది కూడా ఈ గదిలోనే."

నాకు మనసాగలేదు. బోర్డు మార్పిద్దాం, అర్జీ నేనే రాసిస్తానన్నాను. ఆమె కంగారుపడింది.

"వొద్దక్కా. మా అవ్వ పొయ్యి మసి అని తెలిస్తే రేపే సున్నం కొట్టేస్తారు. ఆమె గుర్తుగా మాకు మిగిలుండేది ఇదొక్కటే."

అంతలో ఇంకో కుటుంబం లోపలికి వచ్చింది. ఆమె చీర సర్దుకుని, డచ్చి సైనికులు తుపాకులు పేల్చిన కథ మొదలుపెట్టింది. నేనూ బుద్ధిగా నిలబడి విన్నాను.

అందుకే ఇక్కడ ఫోటోలు పెట్టలేదు, కోట పేరూ రాయలేదు. మీకు తెలిసినా కామెంట్లలో చెప్పకండి. ఆ బోర్డునే నమ్ముతున్నామని రాయండి, చాలు.