ఆముదం పోసిన మోటారు

మొన్న వనపర్తిలో మనవరాలి పెళ్లికి పోతే, పెళ్లికొడుకును పాతకాలపు మోటారులో ఊరేగించారు. హైదరాబాదు నుంచి కిరాయికి తెప్పించారట. నల్లగా నిగనిగలాడుతూ, బంతిపూల దండలు వేసుకుని, పెళ్లికొడుకు కంటే అదే ఎక్కువ ముస్తాబై వచ్చింది. పిల్లలంతా ఎగబడి ఫోటోలు దిగారు. నన్ను కూడా రెక్క పట్టుకుని లాక్కుపోయి, "ఎక్కు అవ్వా, ఒక్క ఫోటో" అన్నారు. నేను ఎక్కలేదు. ముసల్ది మోటారుకు భయపడుతున్నదని అందరూ నవ్వారు. నవ్వనీ. వాళ్ల నాయనలు కూడా పుట్టకముందే అటువంటి మోటారులో కూర్చున్నదాన్ని నేను. భయమైతే కాదు అది. ఏమిటో చెప్పాలంటే చాలా వెనక్కి పోవాలి.

యుద్ధం రోజులవి. నేను కాపురానికి వచ్చి ఏడాది దాటి ఉంటుంది. అత్తగారి ఊరు కోడేరు దగ్గర. ఇంట్లో అత్త, మా ఆయన, ఆయన అన్న, అంటే మా బావ, బావ భార్య. ఆమెను నేను అక్కా అని పిలిచేదాన్ని. అక్కది గద్వాల. మాటల్లో కన్నడం కలిసేది. కోపమొస్తే పూర్తిగా కన్నడమే మాట్లాడేది. ఏమంటున్నదో ఎవరికీ అర్థం కాదు కనుక మా ఇంట్లో గొడవలు తక్కువ. నాకు తల దువ్వడం దగ్గర నుంచి అత్త కంట పడకుండా బెల్లం ముక్క చేతిలో పెట్టడం దాకా అన్నీ ఆమే. బావతో మాత్రం నాకు మాటల్లేవు. ఆ కాలంలో చిన్న కోడలు బావ ఎదుట పడకూడదు, పడినా నోరు విప్పకూడదు. తలుపు వెనక నిలబడి "ఉప్పు చాలిందా" అని అక్కను అడిగితే, అక్క తిరిగి "ఉప్పు చాలిందా" అని ఆయనను అడగాలి. మధ్య దూరం రెండు గజాలు. ఆయన మెల్లగా నవ్వుకుంటూ "చాలింది" అని అక్కకు చెప్పేవాడు.

అక్కకు అప్పటికే రెండు కాన్పుల్లోనూ బిడ్డలు నిలవలేదు. రెండోసారి నొప్పులు మొదలైనప్పుడు ఎద్దులబండి కట్టి వనపర్తి దవాఖానకు బయలుదేరారు. బాటంతా గుంతలూ రాళ్లూ. బండి చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. బిడ్డ దక్కలేదు, అక్క మాత్రం చావు తప్పి బయటపడింది. మూడోసారి ఆలస్యమైతే తల్లి కూడా ఉండదని అక్కడి డాక్టరమ్మ చెప్పిందట. ఆ మాట బావ చెవిలో పడ్డది, అక్కడే ఉండిపోయింది.

వనపర్తి పక్క పల్లెలో ఒక దేశ్‌ముఖ్ గారి పశువుల కొట్టంలో పదిహేనేళ్లుగా కదలని మోటారు ఉండేది. బావ రెండు కోడెలను ఇచ్చి దాన్ని తీసుకుని, ఎద్దులతో లాగించుకుంటూ ఇంటికి తెచ్చాడు. ఊరు ఊరంతా వెంట నడిచింది. పైకప్పు చిరిగి వేలాడుతున్నది, సీట్ల నిండా ఎలుకల గూళ్లు, వెనక సీటులో ఒక కోడి గుడ్లు పొదుగుతూ కూర్చుని ఉన్నది. దాన్ని దింపబోతే పొడిచింది. దేశ్‌ముఖ్ గారు మోటారుకు కోడెలు తీసుకున్నాడు కానీ ఆ కోడికి ఏమీ తీసుకోలేదు. అత్త మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని, "బంగారమసొంటి కోడెలనిచ్చి కోళ్లగూడు తెస్తివి గదరా కొడుకా!" అన్నది.

బావకు అప్పటిదాకా మోటారు గురించి తెలిసిందల్లా అది వస్తే బాట పక్కకు జరగాలని మాత్రమే. ఒకప్పుడు అదే మోటారును నడిపిన డ్రైవర్ సాయిబు కోడేరు సంతకు వచ్చేవాడు. ఆయనను బతిమాలి పిలుచుకొచ్చి, ఏది ఎందుకో చెప్పించుకున్నాడు. సాయిబు ఒక సామాను విప్పి చూపిస్తే బావ దాన్ని పదిసార్లు విప్పి పదిసార్లు బిగించేవాడు. విప్పిన వాటిని మోదుగాకు విస్తళ్లలో వరుసగా పెట్టేవాడు, ఒక్కో విస్తట్లో ఒక్కో చోటివి. కొట్టం పొడుగునా రెండు వరుసల విస్తళ్లు!

"ఏందిర, ఇనుముకు బంతి పెట్టినవ్?" అన్నది అత్త.

"ఒక్కటి తప్పినా దానికి కడుపు నిండదే అమ్మా" అన్నాడు బావ.

ఒకరోజు మేక వచ్చి విస్తళ్లు తినిపోయింది. మరలూ బోల్టులూ అన్నీ కుప్ప. బావ నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. మళ్లీ వేటికవి ఏర్పరచడానికి తల ప్రాణం తోకకొచ్చింది. కానీ చక్రాల దగ్గర మాత్రం ఎవరూ నేర్పనక్కరలేకపోయింది. అవి కట్టె ఆకుల చక్రాలు, మన బండి చక్రాల వంటివే. ఊరి వడ్లాయన విరిగిన ఆకులు తీసి, కొత్తవి తుమ్మకట్టెతో చెక్కి బిగించాడు. సీట్లలో బూరుగుదూది నింపి నేనూ అక్కా కుట్టాము. అప్పటికి అక్కకు మూడో నెల. కుడుతూ కుడుతూ సీటు మీద చెయ్యి ఒత్తి చూసి, "ఇంక జర మెత్తగుండాలె చెల్లె, నేను పండుకునేది గీడనే" అనేది. ఇంకో రెండు పిడికిళ్ల దూది కుక్కేవాళ్లం.

ఇంతలో సాయిబు యుద్ధం లారీలు నడపడానికి వెళ్లిపోయాడు. పెట్రోలు కూపన్ల మీద రెండు డబ్బాలు ఎట్లాగో దొరికింది. ఇంజనులో పోసే నూనె మాత్రం నాగర్‌కర్నూల్‌లో లేదు, వనపర్తిలో లేదు. ఉన్నదంతా పటాలానికే పోతున్నదన్నారు. బావ అన్నం ముందు కూర్చుని ముద్ద కలుపుతూనే ఉన్నాడు, తినడం లేదు. నేను లోపల పొయ్యి మీద ఆముదం వండుతున్నాను. మా దిక్కు ఆముదాల పంట, ఇంటింటా అదే పని. గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి, పైకి తేలిన నూనె గరిటెతో తీసుకోవాలి. దీపానికి అదే, తలకు అదే, బండి ఇరుసుకూ అదే. నా నోరు ఊరుకోదు కదా. తలుపు వెనక నుంచే అక్కతో, "అక్కా, బండికి పోస్తలేమా, గిదే దానికి పోస్తే ఏమైతది?" అన్నాను. బావకు వినబడాలనే కాస్త గట్టిగా అన్నాను. దాచుకోవడం ఎందుకు!

బావ ముద్ద ఆపి, "చిన్నది చెప్పింది నిజమే. గింత దగ్గరున్నదాన్ని నేను కానకపోతి" అన్నాడు.

ఆ పూట నా కాళ్లు నేల మీద లేవు. నా పాత ఓణీని నాలుగు మడతలు వేసి ఆముదాన్ని నేనే వడకట్టి ఇచ్చాను. మరునాడు బావ మోటారు మూతిలో ఇనుప హ్యాండిలు దూర్చి తిప్పితే, అది రెండుసార్లు తుమ్మి, ఒళ్లంతా ఊగి, మొదలైంది. వీధంతా కాలిన ఆముదం వాసన. అక్కను ఎక్కించుకుని ఊరి బయటి పుంత బాట దాకా పోయి తిరిగొచ్చాడు. దిగి అక్క నా చెవిలో, "నెత్తిన నీళ్లబింద పెట్టినా తొణకదు చెల్లె" అన్నది. ఆమె అంత నవ్వడం నేను అంతకుముందు చూడలేదు.

తరువాత బావ మోటారును కొట్టంలో పెట్టి గోనెపట్టాలు కప్పాడు. పెట్రోలు ఒక్క చుక్క కూడా పోకూడదు, అంతా ఆ రోజుకే. రోజూ పొద్దున్నే తుడిచేవాడు, దండం పెట్టేవాడు, ఇంజను మాత్రం నడిపేవాడు కాదు. అట్లా అయిదు నెలలు గడిచాయి.

నొప్పులు అనుకున్న రోజుకు ముందే, పొద్దెక్కిన వేళ వచ్చాయి. దుక్కుల రోజులు కనుక ఊళ్లో ఎవరి ఎద్దులూ లేవు, మా ఆయన కూడా మావాటితో దూరపు చేనుకు పోయి ఉన్నాడు. అయితేనేం, మోటారున్నది కదా. అక్కను వెనక సీటులో పడుకోబెట్టి, తల నా ఒడిలో పెట్టుకున్నాను. బావ ముందుకు పోయి హ్యాండిలు తిప్పాడు. తిరగలేదు. బలమంతా పెట్టి తిప్పాడు. గోరంత కూడా కదల్లేదు. వీధిలోని మగవాళ్లు వచ్చి ఇద్దరిద్దరు పట్టారు. లోపల ఏదో రాయి కూర్చున్నట్టుంది. బావ అరచేతులు చీరుకుపోయి నెత్తురు కారుతున్నది, వదలడు. అక్క సీటులోంచే తల కొంచెం ఎత్తి, "ఇంటున్నరా, జర నిమ్మళంగ తిప్పుండ్రి. నాకేం కాలే" అన్నది. ఆమె గోళ్లు నా చేతిలో దిగబడి ఉన్నాయి. ఎంత నొప్పో నాకు తెలుసు.

చేనుకు మనిషి పరుగెత్తి ఎద్దులు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. అప్పటికి ఆమెను ఎత్తి బండిలోకి మార్చే పరిస్థితి లేదు. మోకులు కట్టి ఎద్దులతో మోటారునే లాగించారు. బావ ముందు కూర్చుని చక్రం పట్టుకున్నాడు, ఒక్క గుంతలో పడనీయలేదు. అక్క చెప్పినట్టే, తొణకకుండా పోయింది మోటారు. ఎద్దుల నడకే కదా కానీ. వనపర్తి గుట్టలు కనబడుతుండగా నా చేతిలో గోళ్ల పట్టు సడలింది. "అక్కా, అక్కా" అన్నాను. బావ వెనక్కి తిరగలేదు. ఎద్దులను ఆపమని మాత్రం చెప్పాడు. ఇంకా పొద్దు గుంకలేదు. తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు.

ఊరు ఊరుకుంటుందా? మొదటే బండి కట్టి ఉంటే బతికేదన్నారు. మోటారు మోజులో పెళ్లాన్ని చంపుకున్నాడన్నారు. అత్త కూడా ఒకసారి అనేసి, తరువాత కుళ్లికుళ్లి ఏడ్చింది. ఎవరు ఏమన్నా బావది ఒకటే జవాబు: "రాని పనికి పోయిన. మరలు బిగించుడు నాకు తెల్వలే." కొన్నాళ్లకు సాయిబు సెలవు మీద వస్తే ఇద్దరూ కొట్టం తలుపు వేసుకుని ఇంజను విప్పారు. సాయంత్రం బయటికి వచ్చి, "నేను బిగించిందే తప్పు" అని అందరూ వినేటట్టు చెప్పాడు. మోటారును పాత ఇనుముకు ఇచ్చేశాడు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. నా చేతి అన్నమే తిన్నాడు నలభై ఏళ్లు. అక్క పోయాక మా మధ్య మాట మోసేవాళ్లు లేక, మొదట్లో ఆయన స్తంభానికి చెప్పినట్టు చెప్పేవాడు, "కూర బాగున్నది" అని. స్తంభానికి జవాబివ్వాలో నాకివ్వాలో తెలియక నేను లోపల నవ్వుకునేదాన్ని. నవ్వాను కూడా, పాపిష్టిదాన్ని.

బావ పోయిన పదో రోజున సాయిబు వచ్చాడు, కర్ర పట్టుకుని, చూపు మందగించి. నేను చాయ ఇస్తే తాగుతూ, పాత సంగతులు చెబుతూ చెబుతూ అన్నాడు: "బిడ్డా, మరల తప్పేం లేకుండె. ఆముదం మంచిదే, రోజు నడిపితే. నడపక అట్లనే పెడితే జిగురైతది. లోపల అంత పాకం లెక్క పట్టుకున్నది. నేను గీ సంగతి చెప్పిన నాడు మీ బావ నా చెయ్యి పట్టుకున్నడు. 'సాయిబూ, గీ మాట నీ నోట్లనే ఉండాలె. ఆముదం సంగతి చెప్పింది మా చిన్నది, పద్దెనిమిదేండ్లు నిండని పిల్ల. తెలిస్తే బతుకదు' అన్నడు. ఇంక ఆయనే లేడు గద, ఎవలకు దాచాలె?"

సాయిబు కర్ర పట్టుకుని వెళ్లిపోయాడు. ఎన్ని వేల పూటలు వడ్డించాను బావకు! ఒక్క పూటైనా ఆ కళ్లలో నా మీద కోపం చూడలేదు. ఊరంతా ఉమ్మేస్తుంటే నా తప్పును తన తప్పని చెప్పుకుని, నా పిల్లలను ఎత్తుకుని తిరిగాడు. కాళ్ల మీద పడదామన్నా ఇప్పుడు కాళ్లు లేవు. నా కోసం ఆయన మోసిన నలభై ఏళ్లు ఆయనతో పోయాయి. నేను మోయాల్సినవి ఆ రోజు మొదలయ్యాయి, అప్పటికి నాకు మిగిలిన ఆయుష్షు అన్నేళ్లు లేదు.