అంజయ్య సార్ ఇంటి దక్షిణపు తలుపు

మీ ఇంట్లో ఏ గోడ వెనక ఏముందో మీకు నిజంగా తెలుసా? ఎప్పుడైనా వేళ్ల కణుపులతో తట్టి చూశారా?

పోయిన వారం కోరుట్లలో అంజయ్య సార్ ఇంటి ముందుగదిలో నేను తట్టాను. ఇటుక గోడ ఇచ్చే మొద్దు చప్పుడు కాదు, డొల్ల చప్పుడు. అది జిప్సం బోర్డు గోడ. నడుమెత్తున ఒకచోట పొట్టలా ఉబ్బి ఉంది. తడుతుంటే తెల్లటి పొడి రాలి సుద్దముక్క వాసన వచ్చింది. ఆ వాసనతో, ఏడాది కింద పోయిన సార్ మళ్లీ నా ముందుకొచ్చి నిలబడ్డారు.

సార్‌ది సిరిసిల్ల. మరమగ్గాల ఇంట్లో పుట్టి, జగిత్యాలలో మాకు సైన్సు చెప్పారు. జేబులో ఎప్పుడూ నూలు దారపు ఉండ ఒకటి ఉండేది. ఒకసారి నల్లబల్ల గోడ వంకరగా ఉందని నేను, సక్కగానే ఉందని నా పక్క పిల్ల గొంతులు చించుకుంటుంటే, సార్ ఆ ఉండ నా ఒళ్లోకి విసిరారు. "ఒర్లుడెందుకు? దారం లాగి పట్టుర్రి." నేను రెండు చేతులూ చాచి రెండు కొసలూ పట్టుకోబోయాను. సార్ నవ్వారు. "ఒక కొస దానికియ్యి. రెండు కొసలు నువ్వే పడితే అది వాదన కాదు బిడ్డా, దబాయింపు."

ఆయన వాదనంతా అదే. గ్రహణం రోజున జనం భయం పోగొట్టడానికి సార్ వెంట నేనూ బీర్పూర్ వెళ్లాను. అక్కడ ఒక గర్భిణిని చీకటి గదిలో, గుక్కెడు నీళ్లు ఇవ్వకుండా పడుకోబెట్టారు. నాకు ఒళ్లు మండి నీళ్ల చెంబు అందుకున్నాను. సార్ నా చెయ్యి ఆపి, గడపలో కూర్చున్న అత్తగారి పక్కన చతికిలబడ్డారు.

"అవ్వా, నీకు దూప అయితలేదా?"

"అయితంది. అయితే?"

"నీళ్లు తాగితే నీకేమన్న అయితదా?"

"ముసలిదాన్ని, నాకేమైతది!"

"కోడలి గొంతు గూడ గసొంటిదే గద."

ఆమె సార్‌ను ఎగాదిగా చూసి, "మెల్లగ మాట్లాడుకుంట నెత్తి మీద కూసుంటవ్ నువ్వు" అని తిట్టి, తనే చెంబు తీసుకుని లోపలికి వెళ్లింది.

అలాంటి మనిషి ఇంటికి ఒకనాడు వెళ్లి నేను కొయ్యబారిపోయాను. వీధిలోకి తెరుచుకునే దక్షిణపు తలుపు లేదు. ఆ చోట లోపల ఈ బోర్డు గోడ, వీధివైపు రేకు! కొడుకు బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంటే, దక్షిణపు వాకిలే కారణమని వాస్తు చెప్పేవాడు తేల్చాడట. తలుపు మూసేదాకా అన్నం ముట్టనని అమ్మ, అంటే సార్ భార్య, పట్టుబట్టింది. గుంతల రోడ్డును ఎవరూ తప్పుపట్టలేదు. దోషమంతా చెక్క తలుపుదే!

"మీరు కూడానా సార్?" అన్నాను.

"ఆమె ఇంక దారం కొస పట్టుకోలే బిడ్డా" అన్నారాయన.

ఇప్పుడు ఇంటికి రంగులు వేయిస్తూ అమ్మే నన్ను పిలిపించింది. "గీ ఉబ్బు సూడబుద్ధయితలేదు బిడ్డ. జర సాపు జేపియ్యి." బోర్డు పనిచేసే మల్లేశం గోడంతా పుట్టీ పెట్టి సమం చేస్తానన్నాడు. ఉబ్బు ఎందుకొచ్చిందో చూడకుండా దాని మీద పూత పూయడానికి నాకు మనసొప్పలేదు. అలమారలో ఉన్న సార్ దారపు ఉండ తెచ్చి ఒక కొస అమ్మ చేతికిచ్చాను. లాగి పట్టాం. పొట్ట దగ్గర దారం గోడను ఒరుసుకుంది, అటూ ఇటూ గాలిలో తేలింది. మల్లేశం అక్కడ అరచేతంత ముక్క కోశాడు.

లోపల ఇనుప గడియ. తలుపు అలాగే ఉంది! గడియ పొడుచుకొచ్చి బోర్డును ముందుకు నెడుతోంది.

"అప్పుడు బోర్డు కొట్టినాయిన గడియ కోసేస్తనన్నడు" అంది అమ్మ. "మీ సారు వద్దన్నడు. 'ఉండనీ, ఒకనాడు ఆమెనే తీస్తది' అన్నడు." దారం వేలికి చుట్టుకుంటూ అంది: "ఆనాడు మీ సారు ఛాతీల నొప్పని అంటే, మంచం మీదనే లేపుకపోయిన్రు. గీ తలుపుంటే సీదా బజార్ల పడుతుంటిమి. వంటింట్లకెల్లి, సందులకెల్లి తిప్పుకుంట... మంచం మూల మీద ఇరికింది బిడ్డ. ఆడ్నే పాణం పోయింది."

సార్ దవాఖానలో పోయారనే ఇన్నాళ్లూ అనుకున్నాను. తలుపు ఉంటే బతికేవారా? నాకు తెలియదు, తెలియనిది తెలుసని చెప్పడం ఆయన నేర్పలేదు. కానీ ఆ ఇంట్లో దోషం వెతికినవాడు ఆ మంచానికి ఒక కోడు కూడా పట్టలేదు.

"పుట్టీ పెట్టాల్నా మరి?" అన్నాడు మల్లేశం.

నా చెయ్యి గడియ మీదికి వెళ్లింది. సార్ ఆపినట్టే ఆగింది.

"అమ్మా, నువ్వు చెప్పు."

"తీస్తే పిలగానికేమన్న అయితే?"

"మూసినంక ఏమైందో నువ్వే చెప్తివి గదమ్మా."

ఆమె దారం నా చేతిలో పెట్టి మల్లేశం వైపు తిరిగింది. బోర్డులూ వాటి వెనక రేకు చట్రమూ, వీధివైపు కొట్టిన రేకూ ఊడదీయించింది. తుప్పు పట్టిన గడియను రోకలితో తనే కొట్టింది. తలుపు కిర్రుమంది. వెలుతురూ బజారు రొదా ఒక్కసారిగా గదిలో పడ్డాయి. ఎదురుగా కూరగాయల బండామె నోరు తెరిచింది. "ఓ అవ్వా! గిటు గూడ తలుపుండెనా మీకు?"

"ఉండె" అంది అమ్మ ఏడుస్తూ. "ఉంటది."

ఆ దారపు ఉండ ఇప్పుడు నా సంచిలో ఉంది. ఇక మీ వంతు. లేవండి. భయంతో మీ ఇంట్లో మూసిన తలుపో కిటికీయో ఏదో మీకు తెలుసు. దాన్ని మీరు బద్దలు కొట్టకండి. మూసినవారిని పక్కన నిలబెట్టుకోండి, దారం రెండో కొస వాళ్ల చేతికివ్వండి, గడియ వాళ్ల చేతే తీయించండి. ఇవాళే తీయించండి.