వాసవాంబక్క తీసిపెట్టిన రింగు

వాసవాంబక్క పోయి ఏడాది దాటింది. ఆమెను తలచుకుంటే ఇప్పటికీ నాకు ముందు విసుగే వస్తుంది, ఆ తరువాతే ఏడుపు.

ఆమె నా పెద్ద తోటికోడలు. మా బావగారు వరదయ్యది చింతపండు టోకు వ్యాపారం. అరవై ఆరులో నేను చిన్నకోడలిగా పట్నంలో చూలైలోని ఆ ఇంటికి వచ్చేసరికే అక్కకు అయిదుగురు పిల్లలు. చివరి కాన్పులో పురిటి స్నానం అయిందో లేదో మళ్ళీ బావి దగ్గరికి వెళ్ళిందట. ఆ సంగతి మా అత్త కోకిలమ్మ వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పేది, కోడలికి అదొక బిరుదు అన్నట్టు.

ఇంట్లో కొళాయి లేక కాదు. కొళాయి లోపల తోలు బిళ్ళ ఉంటుంది కనుక ఆ నీళ్ళు బట్టలు ఉతకడానికే కానీ దేవుడికీ, వంటకూ పనికిరావని మా అత్త తీర్పు. మడికి బావి నీళ్ళే కావాలి. తడిబట్టతో ఇంటి కోడలే తోడాలి. నెల్లూరులో మా పుట్టింటివాళ్ళు కొళాయి నీళ్ళతోనే పూజ చేస్తారని తెలిశాక అత్త నా చేతి నీళ్ళను నమ్మడం మానేసింది. అందుకని తెల్లవారగానే గిలక కీచుమంటూంటే అక్క ఒక్కతే చేద లాగేది. ఇత్తడి బిందెలు నింపి వంటింట్లోకి మోసేది.

పొద్దెక్కేసరికి ఆమె ముఖం వాడిపోయేది. నిలబడితే గోడకు ఆనుకునేది. మాటిమాటికీ దొడ్లోకి పరుగెత్తేది. పెళ్ళిళ్ళకు రానంటే రానని, అడిగితే నడుము నొప్పి అనేది. ఆ ఇంట్లో ఆడవాళ్ళకు వచ్చే జబ్బులన్నిటికీ నడుము నొప్పి అనే పేరే ఉండేది.

ఒకరోజు చిక్కుడుకాయలు ఒలుస్తూ, ఎవరి గురించో చెబుతున్నట్టు అంది: "కింద ఏందో జారి వస్తా ఉండాది మే. కూర్చుంటే ఉండ మీద కూర్చున్నట్టే ఉంటాది. పడుకుంటే లోపలికి పోతాది."

"ఎప్పటి నుంచి అక్కా?"

"చిన్నది పుట్టినప్పటి నుంచి."

ఆ చిన్నది అప్పటికి పలక పట్టుకుని బడికి పోతోంది!

"బావగారికి చెప్పలేదా?"

"ఐయ్యో, ఆయనకు ఏమని చెప్పేది? మానం పోతాది."

చీరలు కొనడానికని అత్తకు చెప్పి, ఆమెను పురసవాక్కంలో డాక్టరు అలమేలుమంగ దగ్గరికి తీసుకుపోయాను. ఆవిడ పరీక్ష చేసి, చేతులు తుడుచుకుంటూ నెమ్మదిగా వివరించింది. గర్భసంచిని పైన పట్టి ఉంచే కండరాలు, బంధనాలు కాన్పుల్లో సాగిపోతాయి. కాన్పు కాగానే బరువులెత్తితే అవి మళ్ళీ బిగుసుకోవు. సంచి కిందికి జారుతుంది, దాంతోపాటు మూత్రం తిత్తిని కూడా లాగుతుంది. మాటిమాటికీ దొడ్లోకి పరుగు, నడుము లాగడం, సాయంత్రానికి బరువు, అన్నీ అందువల్లే.

"నేనేం పాపం చేస్తినో" అంది అక్క.

"పాపం కాదమ్మా, బిందెలు!" అంది డాక్టరు.

ఆపరేషను మంచిదని చెబితే అక్క వద్దంటే వద్దంది. చివరికి డాక్టరు రబ్బరు రింగు ఒకటి లోపల అమర్చి, అప్పుడప్పుడు తీసి కడిగి పెట్టుకోవడం నేర్పింది. "ఇది ఉన్నంతసేపు సంచి జారదు. ముఖ్యంగా బరువు ఎత్తేటప్పుడు ఉండాల" అని రెండుసార్లు చెప్పింది. మధ్యమధ్య వచ్చి చూపించుకోమంది. అక్క తల ఊపింది. తల ఊపడంలో ఆమెను మించినవాళ్ళు లేరు.

డాక్టరు దగ్గరికి మళ్ళీ పోదామంటే ఇదిగో అదిగో అంటూ దాటేసింది. "ఎట్లా ఉంది?" అంటే "బాగుండాది" అనేది. గోడకు ఆనుకోవడం మాత్రం తగ్గలేదు. తరువాత ఆమె లోపావడా మీద నెత్తురు మరకలు చూశాను.

ఒక పొద్దున స్నానాల గదిలోకి వెళితే గూట్లో అత్త పళ్ళసెట్టు గ్లాసు నీళ్ళలో ఉంది. ఆమె మడి కట్టుకునే ముందు రోజూ తీసి పెట్టేదే. దాని పక్కన సబ్బుపెట్టె. సబ్బు కోసం మూత తీశాను. లోపల రింగు ఉంది! బయట గిలక కీచుమంటోంది.

బావి దగ్గరికి పోయి అక్క చేతిలోంచి తాడు లాక్కున్నాను.

"తాకబాక! మడి!" అంది భయంగా.

"ఎందుకు తీసినావు అక్కా దాన్ని?"

"అత్త పళ్ళసెట్టే తీసి పెట్టేస్తాది గదా మడికి. నోట్లో ఉండేదే పనికి రాకపోతే ఆడ ఉండేది పనికొస్తాదా?"

"నీళ్ళు తోడేటప్పుడే కదా అది కావాల్సింది!"

"తోడినాక పెట్టుకుంటా ఉండా గదా. ఏమన్నా ఊరికే పారేస్తినా?"

వానలో గొడుగు మడిచి చంకలో పెట్టుకుని, వాన వెలిశాక విప్పుకునే మనిషితో ఏం మాట్లాడతాం? నాకు తల గోడకు కొట్టుకోవాలనిపించింది.

మళ్ళీ తీసుకుపోతే డాక్టరు ఈసారి రింగు పెట్టలేదు. జారి వచ్చిన భాగం బట్టకు రాసుకుని పుండు పడిందట. పడక మీద ఉండి అది మానాలి, మానాక ఆపరేషను చేయించుకోవాలి, ఇంకా నాన్చితే ప్రమాదం అని గట్టిగా చెప్పింది. అక్క అంతా విని, "నేను పడుకుంటే మడికి నీళ్ళెవరు తోడతారు?" అంది. డాక్టరు నా వైపు చూసింది.

ఇంటికి రాగానే నేరుగా అత్త దగ్గరికి వెళ్ళాను. ఆ ఇంట్లో ఎవరూ పలకని మాటలన్నీ ఒక్క ఊపున చెప్పేశాను. సంచి, రింగు, పుండు, పళ్ళసెట్టు. అక్క తలుపు వెనక నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. కోకిలమ్మ వక్క కత్తిరించడం ఆపి నోరు తెరుచుకుని చూసింది.

"మడికా? నేను పళ్ళు తీసేది మడికని ఎవరు చెప్పినారు మే? సహస్రనామం చదివేటప్పుడు అవి టకటకా కొట్టుకుంటాయి. ఒకసారి విష్ణువు అంటా ఉంటే ఊడి పూలబుట్టలో పడినాయి. అందుకు తీస్తా. మడికంట, మడికి!"

అత్త తలుపు వైపు తిరిగి అరిచింది. "ఒసే పెద్దదానా, ఇన్నాళ్ళూ ఆ అవస్థ పడకపోతే ఒక మాట అడిగి చావకూడదా?"

అక్క కొంగు తీసింది. ఆ ఇంట్లో ఆమె ఎదురు మాట్లాడటం నేను విన్నది ఆ ఒక్కసారే.

"మిమ్మల్ని ఏమని అడిగేది అత్తా? ఆ మాట ఏ నోటితో అడిగేది?"

కోకిలమ్మ వక్కల పళ్ళెం పక్కకు జరిపి, "వరదయ్య రానీ. ఆస్పత్రి సంగతి నేను చెప్తా" అంది. చెప్పింది కూడా. బావగారు ఒక్క ప్రశ్న అడగకుండా, ముఖం ఎర్రగా చేసుకుని టాక్సీ పిలవడానికి పోయారు.

పుండు మానింది, ఆపరేషను జరిగింది. అత్త మంచం పక్కనే కూర్చుని గంజి తాగించింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు, "ఇంక జన్మలో బావి దగ్గరికి పోకూడదు" అని చెప్పింది. అది అక్కతో కాదు, అత్తతో.

ఆ వారమే కొళాయి కారుతోందని అరుముగం వచ్చాడు. వీధిలో కొళాయిలన్నీ బాగుచేసేది అతనే. అతను బిళ్ళ ఊడదీస్తుంటే అత్త వంగి చూసి అడిగింది. "అది తోలా, రబ్బరా?"

"రబ్బర్ దామ్మా" అన్నాడు అరవంలో. ఇప్పుడంతా రబ్బరేనట. చూలైలో తోలు వేసి ఎన్నో ఏళ్ళయిందట.

"ముందే చెప్పి ఏడవకూడదా?"

"నీంగ కేక్కవే ఇల్లియేమ్మా" అన్నాడు. మీరు అడగనే లేదు కదా అని.

లోపల మంచం మీద అక్కకు నవ్వు వచ్చింది. నవ్వితే నొప్పి పుట్టి పొత్తికడుపు చేత్తో పట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. వంటింట్లోంచి మడినీళ్ళ ఇత్తడి బిందె తెచ్చి కొళాయి కింద పెట్టి మర తిప్పాను.