మజ్జిగ చెంబూ, మా మోటారూ

మా ఇంటి తలుపు గాలికి కొట్టుకోకుండా ఒక ఇనుప వస్తువును అడ్డం పెడతాం. కత్తెరలాంటి రెండు ఇనుప చేతులు, వాటి నడుమ నల్లబడ్డ తోలు బిళ్లలు, అన్నిటినీ కలిపి బిగించిన ఒక బోల్టు. ఎండాకాలం మధ్యాహ్నం గడప కాగినప్పుడు ఆ తోలులోంచి పాత ఆముదం వాసన లేస్తుంది, కొత్తగా వచ్చిన చుట్టాలు ఇంట్లో ఎవరికో తలంటుతున్నారనుకుంటారు. అది తలకు సంబంధించింది కాదు, మా నాయన మోటారు బండికి సంబంధించింది. ఇరవై రెండేళ్లవాడికి అప్పుడే బాల్య స్మృతులేమిటని మీరు నవ్వితే నవ్వండి. ఆ బండి పోయింది, దాన్ని నింపిన మనుషులూ చాలావరకు పోయారు, ఇంకొన్నాళ్లు ఆగితే ఈ తలుపు అడ్డం కూడా పాత సామాన్లవాడికి పోతుంది. సాక్ష్యం ఉండగానే రాయడం మంచిదనిపించింది.

మాది శ్రీరంగాపూర్‌కు దగ్గర్లో ఒక చిన్న ఊరు. జొన్నలు, ఆముదాలు, పల్లీలు, వాన పడితే కాస్త వరి. అలాంటి ఇంట్లోకి మోటారు బండి రావడానికి కారణమేమీ లేదు. వనపర్తి సంస్థానంలో కొలువు చేసే ఒక పెద్దమనిషి కొత్త బండి కొనుక్కుని, పాతదాన్ని తన కొట్టంలో ఉంచుకోవడానికి చోటు లేక, మా నాయనకు గౌరవంగా అంటగట్టాడు. అప్పటికే దాని గుడ్డ టాపుకు మూడొంతులు మాసికలు. ఎడమ తలుపును తాడుతో కట్టాలి. ఎడమవైపు తిప్పితే హారన్ దానంతటదే మోగుతుంది గనుక ఊళ్లోవాళ్లకు మేం ఎటు పోతున్నదీ ముందే తెలిసిపోయేది. నీళ్ల డబ్బా కారితే డ్రైవర్ ఖాజామియా అందులో పిడికెడు పసుపు వేసేవాడు, పసుపు ఉబ్బి కన్నాన్ని మూసేది. కిందికి కారే నీళ్లు పచ్చగా కారేవి. మా నాయనమ్మ అది చూసి, బండి ముత్తైదువ అని తీర్మానించి, శుక్రవారం నాడు దాని ముక్కుకు బొట్టు పెట్టేది.

వీటిలో ఏదీ రోగం కింద లెక్క కాదు. అసలు రోగం కుదుపు. చక్రాల మీది ఇనుప కమాన్లకు తోడుగా ఉండి బండి ఎగరకుండా పట్టుకునే షాకబ్జర్లు, అంటే ఇప్పుడు మా తలుపుకు అడ్డం పెట్టే ఈ ఇనుప చేతులు, ఎప్పుడో అరిగిపోయాయి. చిన్న రాయి తగిలినా వెనక సీటులో ఉన్నవాడు టాపును తలతో పలకరించి కిందికి వచ్చేవాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లుండొచ్చు. నాకది బండిలోకెల్లా మంచి గుణంగా కనిపించేది.

ఆ ఏడు సీతాఫలాల కాలంలో, ఇంట్లో ఏ గంప ఎత్తినా గడ్డిలో మాగేసిన పండ్ల తీపి వాసన కొడుతుండగా, కోడేరు నుంచి కబురొచ్చింది. నాయన చెల్లెలు నర్సమ్మత్తకు ఏడో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండోసారి ఎడ్లబండి మీద జాతరకు పోయి వచ్చిన వారానికే పోయింది. ఈసారి కాన్పుకు ఇంటికి తెచ్చుకోవాలని మా నాయనమ్మ పట్టు. ఎడ్లబండి ఎక్కించేది లేదని కోడేరులో ఆమె అత్తగారి పట్టు. మోటారు పంపుతామని నాయన చెప్పి పంపితే, ఆమె చెప్పి పంపిన జవాబును జీతగాడు మా వాకిట్లో నిలబడి, ఆమె గొంతుతోనే అప్పజెప్పాడు.

"మొదటిది పాయె, రెండోది పాయె. మూడోదాన్ని మీ డబ్బా బండ్ల ఎగిరెయ్యాల్నా? నిండ చెంబు మజ్జిగ వెట్టి నా ముంగట నడిపి చూపియ్యున్రి. తొణ్కకుంటె పిల్లను పంపుత. తొణ్కితె, మజ్జిగ తాగి మీరు పోండ్రి."

మా నాయనమ్మ లోపలికి పోయి చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక ఒకటే అన్నది. "దాని మొగం సూసి రెండేండ్లాయెరా. ఈతాప గూడ గాడ్నే ఉంటె, అది బతుకదు." ఇలాంటప్పుడు ఏదో ఒకటి అనాలని, "మజ్జిగ చిక్కగ తిప్పితె తొణ్కది" అన్నాను. నాయన నా వైపు చూసిన చూపులో, చెంబు పట్టుకుని వెనక సీటులో కూర్చోబోయేవాడు ఎవడో తేలిపోయింది.

నాయన ముందు కర్నూలు పోయాడు. కొత్త షాకబ్జర్లు ఇంగ్లండు సీమ నుంచి ఓడలో రావాలనీ, అవి వచ్చేసరికి పుట్టబోయేవాడు బడికి పోతుంటాడనీ అక్కడి దుకాణందారు చెప్పాడట. అందుకని ఉన్నవాటినే బాగుచేసే పని ఇంట్లో మొదలైంది. మా ఇంట్లో కిర్రుమనే ప్రతిదానికీ ఒకే మందు. బండి ఇరుసుకు ఆముదం, తలుపు బందుకు ఆముదం, పసిపిల్లల బొడ్డుకు ఆముదం, మా అందరి నెత్తికీ ఆముదం. అదే న్యాయంతో నాయన, ఖాజామియా కలిసి ఆ ఇనుప చేతుల నడుమ గిన్నెడు ఆముదం పోశారు. ఆ బిళ్లలు ఒకదాన్నొకటి గట్టిగా రాసుకుంటేనే బండి ఎగరదని, నూనె పోస్తే పట్టు జారుతుందని వాళ్లకు తెలియదు. ఎడ్లబండి ఇరుసు మీద పెరిగినవాళ్లెవరికీ తెలియదు.

మొదటి పరీక్ష మా ఇంటి నుంచి వాగు దాకా. వెనక సీటులో నేను, నా ఒళ్లో చెంబు. బండి కుదపలేదు, ఊగింది. ఒకసారి లేచాక దిగడం మరచిపోయి మళ్లీ లేచింది. వాగు చేరకముందే మజ్జిగ నా మొహానికి, మెడకు, చొక్కాకు సమానంగా పంచబడింది.

"ఎట్లుండె?" అన్నాడు నాయన వెనక్కి తిరిగి.

"ఉప్పు తక్కువైంది," అన్నాను.

ఆ తర్వాత బావిలోంచి నీళ్లు తోడే తోలు మోటలు కుట్టే బాలయ్యను పిలిపించారు. పాత మోట తోలులోంచి ఆయన గుండ్రటి బిళ్లలు చాలా చక్కగా కోసి, మోటతోలుకు ఎప్పుడూ చేసే మర్యాదే చేసి ఇచ్చాడు. అంటే, రాత్రంతా ఆముదంలో నానబెట్టాడు. మళ్లీ నేను, మళ్లీ చెంబు, మళ్లీ వాగు. మూడోసారి ఖాజామియా కోపమొచ్చి బోల్టును బలమంతా పెట్టి బిగించాడు. ఈసారి బండి ఊగలేదు, రోకలిలా దంచింది. అప్పటికి ఊళ్లో పిల్లులు నన్ను గుర్తుపట్టడం మొదలుపెట్టాయి. చిర్రాగోనె ఆడుతుంటే రెండు మూడు వచ్చి నా పక్కన కూర్చునేవి.

నాయనమ్మ శ్రీరంగాపూర్ స్వామికి మొక్కింది. నాయన అన్నం తక్కువ తిన్నాడు. రోజులు గడుస్తున్నాయి. ఎనిమిదో నెల పడితే తీసుకురాకూడదు. తొమ్మిదో నెలలో కోడేరువాళ్లు అసలే కదలనివ్వరు.

దసరా వచ్చింది. బండికి మామిడాకులు, బంతిపూలు కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి పూజ చేశారు. పూజ చేసిన బండి ఎక్కకపోతే దోషమని ఎవరో అన్నారు. జమ్మి చెట్టు దాకా పోవడానికి ఇల్లంతా ఎక్కింది. ముందర ఖాజామియా, నాయన, నడుమ నేను. వెనక నాయనమ్మ, మా పెద్దమ్మ, చిన్నాయన, చిన్నమ్మ, వాళ్ల ఒళ్లో పిల్లలు. మా పెద్దమ్మ ఒక్కతే ఎక్కినా బండి కాస్త వంగి నమస్కరించేది. జమ్మికి పోయడానికి నాయనమ్మ అంచుదాకా నీళ్లు నింపిన చెంబు ఒళ్లో పెట్టుకుంది. పరీక్ష సంగతి ఆ రోజు ఎవరికీ గుర్తు లేదు. మలీద ముద్దలు ఎవరి వాటా ఎన్ననేదే చర్చ.

చెట్టు దగ్గర దిగబోతూ నాయనమ్మ తన ఒడిని తడిమి చూసుకుంది. పొడిగా ఉంది. చెంబులోకి చూసింది. నిండుగా ఉంది.

"ఒరేయ్," అంది నాయనతో, "బండి ఎగుర్తలేదురా."

"తోలు వట్టిందే అవ్వా. నేన్జెప్పలే?" అన్నాడు నాయన, ఎప్పుడూ చెప్పకపోయినా.

"తోలు గాదు, తొక్క గాదు. బర్వున్నది. బర్వుంటె నిమ్మలంగ నడుస్తున్నది. మొన్నటిదంక ఈ బక్క పోరడొక్కణ్ణే కూసోవెడ్తిరి."

నాయన ఒప్పుకోలేదు. మరునాడు పొద్దున నన్నూ చెంబునూ మాత్రమే ఎక్కించుకుని వాగు దాకా పోయాడు. తిరిగి వచ్చాక నా తల తుడుస్తూ, పెద్దమ్మను కోడేరు ప్రయాణానికి తయారుకమ్మన్నాడు.

జొన్న బస్తాలు వేస్తే సరిపోయేది కదా అని ఖాజామియా అడిగాడు. "బిడ్డను తేనీకె పోతున్నమా, అంగడికి పోతున్నమా?" అని నాయనమ్మ కసిరింది. ఆ విధంగా, కడుపుతో ఉన్న ఒక మనిషిని తీసుకురావడానికి మా ఇల్లు ఇల్లంతా జొన్నరొట్టెలు, పల్లీల తొక్కు కట్టుకుని బయల్దేరింది. వనపర్తి దాటాక దారికి రెండుపక్కలా ఆముదపు చేలు, వాటి మీద పలచటి మంచు, నల్లరేగడి మళ్లలో అప్పుడే మొలకెత్తిన జొన్న. ఇవన్నీ పుస్తకాల్లో అందంగా ఉంటాయి. నాకు కనిపించింది మాత్రం చిన్నాయన మోకాలు.

కోడేరులో బండి ఆగగానే నర్సమ్మత్త అత్తగారు నీళ్ల చెంబుతో ఎదురొచ్చి, లోపల ఉన్న జనాన్ని చూసి నిలబడిపోయింది.

"పిల్లను తీస్కపోనీకె అచ్చిన్రా వదినె, మా ఇంట్ల లగ్గమున్నదని ఎవలన్న చెప్పిన్రా? దిగుండ్రి, కాళ్లు కడుక్కోండ్రి."

"దిగం," అంది నాయనమ్మ.

దిగితే పరీక్షకు ఖాళీ బండి నడుస్తుంది. ఖాళీ బండి సంగతి నా చొక్కాకు తెలుసు. గుమ్మం వెనక నర్సమ్మత్త నిలబడి ఉంది, చేతిలో అప్పటికే కట్టుకున్న మూట. ఆ మూటను ఆమె ఒకసారి కింద పెట్టి, మళ్లీ ఎత్తుకుంది.

"గిదేం పద్ధతి? చుట్టాలు అచ్చి బండ్లనే కూసుంటరా?"

"నీ పద్ధతి అయినంక మా పద్ధతి, వదినె. చెంబు తీస్కోని నువ్వు గూడ ఎక్కు."

ఆమె నిజంగానే ఎక్కింది. ఇంటి పెద్ద చెంబులో అంచు దాటేంత మజ్జిగ నింపించి, పెద్దమ్మకూ నాయనమ్మకూ నడుమ ఇరుక్కుని కూర్చుంది. పాపం, పరీక్ష పెట్టిన మనిషే పరీక్షకు తన బరువు సాయం చేస్తున్నదని ఆమెకు తెలియదు. ఖాజామియా ఊరి చివర రాళ్లదారి దాకా నడిపి, తిప్పి, వెనక్కి తెచ్చాడు. ఎడమవైపు మలుపు దగ్గర హారన్ మోగితే అందరూ ఉలిక్కిపడ్డారు, చెంబు తప్ప. ఒక్క చుక్క తొణకలేదని అందరూ అన్నారు. పెద్దమ్మ ఒడి మాత్రం తడిసి ఉంది. అది చెమట అని ఆమె అన్నది. అప్పుడు చలికాలం వస్తున్నదని నేను అనబోతే, ఆమె నా తొడ మీద గిల్లింది.

అత్తగారు చెంబును రెండు చేతులతో పైకెత్తి, అంచును వేలితో తాకి చూసి, కోడలిని పిలిచింది. "పోయి రా, బిడ్డా." ఆ గొంతు జీతగాడు అప్పజెప్పిన గొంతులా లేదు. కొంగుతో మొహం తుడుచుకుంది. మజ్జిగ పడిందనుకున్నాను, అక్కడా పడలేదు.

తిరుగు ప్రయాణంలో నర్సమ్మత్తను పెద్దమ్మకూ నాయనమ్మకూ మధ్య అమర్చారు. కుదుపు వచ్చినా ఆమె కదలడానికి చోటు లేదు. నేను ఆమె కాళ్ల దగ్గర. పొద్దు వాలుతుండగా ఆమె నాయనమ్మ భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. కాసేపటికి కళ్లు తెరవకుండానే అడిగింది.

"అవ్వా, బండి నడుస్తున్నదా? ఏం తెలుస్తలేదు."

"నడుస్తున్నది బిడ్డా, పండు."

నిజానికి బండి ఆగి చాలాసేపైంది. ఖాజామియా నీళ్ల డబ్బాలో పసుపు వేస్తున్నాడు.

చలికాలంలో కొడుకు పుట్టాడు. తోలు వల్లనని నాయన, స్వామి వల్లనని నాయనమ్మ, చెంబు వల్లనని కోడేరువాళ్లు అన్నారు. మంత్రసానిని ఎవరూ అడగలేదు. వాడికి రంగన్న అని పేరు పెట్టారు.

యుద్ధమొచ్చాక పెట్రోలు దొరకలేదు. బండి కొట్టంలో నిలబడి, ముక్క ముక్కగా ఇంటి పనుల్లో కలిసిపోయింది. హారన్ జొన్నచేలో చిలకల్ని తోలింది, టాపు గుడ్డ కల్లంలో పరిచారు, సీటులో కోళ్లు పొదిగాయి. నాయనమ్మ పోయింది. పెద్దమ్మ కొడుకు దగ్గరికి లింగాల పోయి, అక్కడే పోయింది. చిన్నాయన వేరుపడ్డాడు, ఆయన గోడ మా గోడకు ఆనే ఉన్నా రాకపోకల్లేవు. ఎవరైనా ఆ బండిని మళ్లీ నిలబెట్టి, సీమ నుంచి కొత్త షాకబ్జర్లు తెచ్చి బిగించినా, మెత్తగా నడవడానికి కావలసింది మాత్రం మా దగ్గర లేదు.

ఇప్పుడు బస్సు వస్తుంది. మొన్న నర్సమ్మత్త వచ్చి పోతుంటే వనపర్తి దాకా దిగబెట్టడానికి నేనూ ఎక్కాను. రంగన్న ముందరికి పరిగెత్తి డ్రైవర్ వెనక నిలబడ్డాడు. బస్సులో మేం కాక ఇద్దరో ముగ్గురో. నేను మర్యాదగా వెనక సీటులో కూర్చున్నాను. బస్సు కదిలింది, మొదటి గుంతలోనే ఎగిరింది. అత్త ముందరి కమ్మీని గట్టిగా పట్టుకుని, తన రెండు పక్కలా ఉన్న ఖాళీని చూసి, వెనక్కి తిరిగింది.

"ఆడేం కూసున్నవురా? జర ఇటు రా. బండి తేలికున్నది."