అమ్మ చూడని ఇంజను

మా అమ్మ సాయంత్రం కూరలకి బయల్దేరిందంటే భిలాయి సెక్టారు మార్కెట్లో సగం మందికి మా ఇంటి వార్తలు అందినట్టే. వంకాయలు ఏరుతూ మా తమ్ముడి సంగతి మొదలుపెడుతుంది. వాడు నందిని సున్నపురాయి గనుల్లో ఇంజనీరు. "మేరా బేటా పహాడ్ తోడ్‌తా హై" అని అమ్మ చెబితే, వాడేదో సుత్తి పుచ్చుకుని ఒంటిచేత్తో కొండని పిండి చేస్తున్నాడనుకుంటారు వినేవాళ్ళు. టమాటాల దగ్గరికి వచ్చేసరికి నా వంతు. నేను ఇక్కడే ఒక స్కూల్లో లెక్కలు చెబుతాను. అమ్మ మాటలు నమ్మితే భిలాయిలో ఎవరి పిల్లాడు పాసైనా అది నా చలవే. పక్కన నేనున్నా ఆగదు. చెయ్యి పట్టుకు లాగితే విదిలించుకుంటుంది, మంచిమాట చెప్పుకోవడం కూడా నేరమేనా అని. కాకిపిల్ల కాకికి ముద్దు అని గొణుక్కుంటూ నాన్న వెనకాల సంచీ మోసుకొస్తాడు.

మా ఇద్దరి తరవాత చెల్లెలు. దాని ఊసు మాత్రం అమ్మ ఎత్తదు. కూరలమ్మే దీదీ ఓసారి తనే అడిగింది, చిన్నమ్మాయి ఏం చేస్తోందని. రైల్వేలో ఉందని ముక్తసరిగా చెప్పి, కొత్తిమీర వాడిపోయిందేమిటని అమ్మ ఆమెతో తగువుకి దిగింది.

మా చెల్లెలు రైలింజన్లో అసిస్టెంటు డ్రైవరు. చరోదా యార్డులో పని నేర్చుకుని, కొన్నాళ్ళు గూడ్సు బళ్ళ మీద తిరిగి, ఈమధ్యే పాసింజరు బళ్ళు ఎక్కింది. మా వీధిలో ఇంకే ఆడపిల్లా చెయ్యని ఉద్యోగం. ఇంకొకరి కడుపున పుట్టుంటే ఆ తల్లి ఈపాటికి ఊరంతా టాంటాం వేయించేది. మా అమ్మ, పక్కింటివాళ్ళ కుక్క తెలివి గురించి కూడా పదిమందికి చెప్పే మనిషి, దీని దగ్గరికొచ్చేసరికి నోటికి తాళం వేసుకునేది.

అలాగని సేవకి లోటు చేసేది కాదు. నాన్న స్టీలు ప్లాంటులో రిటైరయ్యాక లీజుకి తీసుకున్న పాత క్వార్టర్లోనే చెల్లెలు కూడా వాళ్ళ దగ్గర ఉంటుంది. డ్యూటీ పిలుపు వేళకాని వేళ వస్తుంది. ఫోను మోగేది చెల్లెలికి, లేచేది అమ్మ. అది మొహం కడుక్కునేలోగా చపాతీలు కాలుస్తుంది, బెండకాయలు వేపుతుంది, మజ్జిగలో ఉప్పూ అల్లమూ వేసి సీసాలో పోస్తుంది. యూనిఫాం చొక్కా ముందురోజే ఇస్త్రీ చేసి, ప్లాంటు దుమ్ము పడకుండా పాత చీరలో చుట్టి ఉంచుతుంది. తీరా అది తయారై గుమ్మం దాటే వేళకి మాత్రం వంటింట్లోకి పోయి ఏదో గిన్నె ముందేసుకుంటుంది. వెళ్ళొస్తానంటే వెనక్కి తిరక్కుండానే వెళ్ళిరమ్మంటుంది. ఇక డ్యూటీ దిగానని ఫోను వచ్చేదాకా ఆ ఇంట్లో టీవీ మోగదు.

చెల్లెలు ఈ సేవ చూసి మురిసిపోయేది కాదు. దానికి కావలసింది వేరు. ఒక్కసారి పక్కనే ఉన్న దుర్గ్ స్టేషనుకి వచ్చి, ఇంజను తలుపు దగ్గర తనెలా నిలబడుతుందో అమ్మ చూడాలి. అంతే దాని కోరిక. ఎన్నిసార్లు పిలిచిందో. ఒకసారి మోకాళ్ళ నొప్పి, ఒకసారి నానబోసిన పప్పు, ఇంకోసారి వానొచ్చేలా ఉండడం. ఉద్యోగంలో చేరి ఏళ్ళు గడుస్తున్నా అమ్మ కాలు కదపలేదు.

"అక్కా, సచ్ చెప్పు. అమ్మకి నా నౌకరీ అంటే శరమ్, కదా?" అని ఓరోజు నన్ను అడిగింది. అది పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, దాని తెలుగంతా ఇలా సగం హిందీయే. అదేం కాదన్నాను. మరెందుకు రాదంటే మోకాళ్ళ నొప్పులే అన్నాను. నాకూ లోపల ఆ అనుమానమే ఉంది. మొగాళ్ళ మధ్య, బూట్లేసుకుని, చేతులకి గ్రీజు పూసుకుని తిరిగే కూతురిని మా ఊరివాళ్ళకి చూపించుకోవడం అమ్మకి నామోషీ ఏమో అనుకున్నాను.

ఇలా ఉండగా అమ్మ పుట్టినూరు విజయనగరంలో మా చిన్నమావయ్య ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశానికి అమ్మా నేనూ బయల్దేరాం. నాన్న ఇంటికి కాపలా అన్నాడు గానీ ఆయనకి ప్రయాణమంటే బద్ధకం. మేం ఎక్కే బండికే, ఒడిశాలో డ్రైవర్లు మారే స్టేషను దాకా, చెల్లెలికి డ్యూటీ పడింది. దాని సంతోషం చూడాలి. ఇంక అమ్మ ఎక్కడికి తప్పించుకుంటుంది? బండి కదిలేలోగా ఒక్క నిమిషం ఇంజను దాకా నడిచి రమ్మని మరీమరీ చెప్పి, మాకన్నా ముందే వెళ్ళిపోయింది. అమ్మ అలాగేలే అంది.

దుర్గ్‌లో మా స్లీపరు పెట్టె చివరెక్కడో ఆగింది. అమ్మ ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, సంచులన్నీ ఒళ్ళో పెట్టుకుంది. పద అన్నాను. మోకాళ్ళంది. మెల్లగా నడుద్దామన్నాను. సామాను ఎవరు చూస్తారంది. అప్పటికే నాకు తిక్క రేగింది. అక్కడే కూర్చోమని చెప్పి ఒక్కదాన్నే పరుగులాంటి నడకతో వెళ్ళాను. చెల్లెలు తలుపు కడ్డీ పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి నవ్వి, నా వెనక్కి చూసింది. ప్లాట్‌ఫారం మీద నా వెనక ఎవరూ లేరు.

"సరేలే అక్కా, నువ్వెళ్ళి ఎక్కు" అని లోపలికి వెళ్ళిపోయింది. తిరిగొచ్చి అమ్మవైపు చూడకుండా కూర్చున్నాను. పులిహోర పెట్టబోతే వద్దన్నాను.

రాయపూర్ దాటి కొంత దూరం పోయాక పొలాల మధ్య బండి ఆగింది. సిగ్నలు లేదు కాబోలు. ఎంతకీ కదలదు. ఎండ నెత్తిమీదికొచ్చింది, ఫ్యాన్లు తిరుగుతున్నా చెమట ఆరడం లేదు. ఎదురు బెర్తు పెద్దమనిషి ముందు రైల్వేని తిట్టాడు, తరవాత డ్రైవర్ని పట్టుకున్నాడు. దుర్గ్‌లో తను కళ్ళారా చూశాట్ట, ఇంజన్లో ఆడపిల్ల ఉందట. రొట్టెలు ఒత్తుకోవలసినవాళ్ళకి ఇంజన్లు అప్పజెబితే బండి ఇలాగే నడుస్తుందన్నాడు. పెట్టెలో నలుగురు నవ్వారు.

అమ్మకి హిందీ బాగా వచ్చు. కొత్తిమీర కట్ట కోసం వీధంతా ఏకం చేసే మనిషి, ఇప్పుడేం చేస్తుందో చూద్దామని కూర్చున్నాను. అమ్మ పెదవి కొరుక్కుంది. చీరకొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది. ఇంక నేనే అందుకోబోతుంటే నా మణికట్టు పట్టుకుని నొక్కింది, ఊరుకోమని.

నా ఓపిక అక్కడితో అయిపోయింది. తెలుగులో, పళ్ళు బిగించి, అడగాల్సింది అడిగేశాను. దాన్ని కూతురని చెప్పుకోడానికి నీకంత సిగ్గా, కన్నతల్లివై ఉండి నువ్వే ఇలా చేస్తే అది ఎవరికి చెప్పుకుంటుంది, అన్నాను.

అమ్మ నా వైపు వింతగా చూసింది. "సిగ్గా? ఓలమ్మీ, నాకేటే సిగ్గు?" అంది.

కిటికీలోంచి పొలాల్లోకి చూస్తూ నెమ్మదిగా చెప్పింది. చెల్లెలికి అప్పుడే నడకొచ్చిన రోజులట. తలంటి, కొత్త గౌను తొడిగి, గుమ్మంలో నిలబెట్టి, తనకే ముద్దొచ్చి కళ్ళారా చూసుకుందట. ఆ సాయంత్రమే పిల్లకి ఒళ్ళు కాలిపోయే జ్వరం, ఫిట్సు. ఆస్పత్రిలో బతుకుతుందో లేదో అన్నారట. ఆ సంగతి నాకూ కొంచెం గుర్తే. అమ్మ ఏడుస్తూ గోడకి ఆనుకుని ఉండడం గుర్తు.

"ఎవరి దిష్టయినా ఉప్పూ మిరపకాయలూ తిప్పితే పోద్ది. కన్నతల్లి దిష్టికి మందు లేదే. మీ ఇద్దరి గురించి నాలుగు మాటలు సెప్పుకుంటే ఆ మురిపెం నోటితోనే పోద్ది. దాన్ని సూస్తే అలక్కాదు, నా కడుపు నిండిపోద్ది. ఆ బట్టల్లో, అంత ఇంజను మీద సూసేనంటే నేను తట్టుకోగలనేటి? దాని ఎనకాల ఇంతమంది పిల్లాజెల్లా కూకున్నారు. నా కళ్ళు పడి ఏదైనా అయితేనో?"

లెక్కల టీచర్ని. ఆ వయసు పిల్లలకి జ్వరాలొస్తే ఫిట్సు మామూలేననీ, చూపుతో జ్వరం రాదనీ చెప్పడానికి నోరు తెరిచాను. అమ్మ మళ్ళీ చీరకొంగు వేలికి చుట్టుకుంటోంది. నా మాటలు నేనే మింగేసి పులిహోర పెట్టమని చెయ్యి చాపాను. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే మిరపకాయ కొరికానని చెప్పాను. ఇంతలో బండి కదిలింది. పెద్దమనిషి నిద్రపోయాడు.

డ్రైవర్లు మారే స్టేషను వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. దిగినవాళ్ళు విశ్రాంతికి రన్నింగు రూముకి పోవాలంటే మా పెట్టె పక్కనుంచే నడవాలి. అమ్మకి ఆ సంగతి ఎలాగో తెలుసు. బండి ఆగకముందే మొహం లోపలికి తిప్పేసుకుంది.

"దిగిందేటి? నువ్వు సూసి సెప్పు" అంది.

నేను కిటికీ ఊచలకి ఆనుకుని చూసి చెప్పడం మొదలుపెట్టాను. దిగింది. భుజాన సంచీ ఉంది. పెద్ద డ్రైవరుగారితో ఏదో మాట్లాడుతోంది, ఆయన తలూపుతున్నాడు. చెమటకి జుట్టు నుదుటికి అంటుకుపోయింది. టిఫిను బాక్సు ఊపుకుంటూ వస్తోంది.

"ఊపుతోందంటే కాళీయే. తినీసింది" అంది అమ్మ, గోడవైపు చూస్తూనే.

నేరుగా వెళ్ళిపోతుందేమో అనుకున్నాను. పొద్దుటి కోపం ఎక్కడికి పోతుంది? కానీ మా కిటికీ దగ్గర ఆగింది. అది ఆగిందని నేను చెప్పగానే అమ్మ ఇటు తిరిగి, కళ్ళు గట్టిగా మూసుకుని, ఊచల్లోంచి చెయ్యి బయటపెట్టింది. తడుముకుంటూ దాని భుజం పట్టుకుంది, మెడ నిమిరింది, చెమట తుడిచింది. చెల్లెలు బిత్తరపోయి నా వైపు చూసింది.

"నీకు తన దిష్టి తగుల్తుందని అమ్మకి భయమే. ఇన్నాళ్ళూ అందుకే రాలేదు" అన్నాను.

అది అలాగే నిలబడిపోయింది. మూసుకున్న అమ్మ కళ్ళనే చూస్తోంది. తరవాత సంచీ కింద పెట్టి, తన అరచెయ్యి చూసుకుంది. వేళ్ళ సందుల్లో గ్రీజు నల్లగా ఉంది. బొటనవేలితో దాన్ని తీసి, చెంప మీద ఇంత మందాన చుక్క పెట్టుకుంది.

"అమ్మా, దిష్టిచుక్క పెట్టుకున్నాను. అబ్ చూడు" అంది.

అమ్మ నన్నడిగింది, నిజంగా పెట్టుకుందా అని. నిజమేనన్నాను. నల్లగా ఉందా అంది. తారు కన్నా నల్లగా ఉందన్నాను. అప్పుడు కళ్ళు తెరిచింది. చెంప మీది చుక్కని ముందు చూసి, ఆ తరవాత జుట్టు, చొక్కా గుండీలు, జేబుకున్న బిళ్ళ, నడుముకున్న బెల్టు, కింద బూట్లు, మళ్ళీ మొహం. ఏదీ వదల్లేదు. కొత్త డ్రైవర్లు ఎక్కేసినట్టున్నారు, ఇంజను కూత వేసింది. పెద్దమనిషి లేచి కూర్చున్నాడు.

"ఎంత బావున్నావే నా తల్లీ" అంది అమ్మ, పెట్టె పెట్టెంతా వినేలా.

కదిలే బండిని పట్టుకోకూడదని అందరికీ బుద్ధులు చెప్పే మా చెల్లెలు, అమ్మ చెయ్యి వదలకుండా ప్లాట్‌ఫారం మీద బండితో పాటు నడవడం మొదలుపెట్టింది.